పొలమున పుట్టు ఇంధనము: అందు రైతు పాలెంత?

గత పక్షమున మన సంఘ కార్యాలయమునకు ఒక కంపెనీ తరపున ఇరువురు వచ్చిరి. బీడు భూములను దీర్ఘకాలపు కౌలునకు గొని, అందు నేపియరు గడ్డి పెంచి, ఆ గడ్డిని గాలి చొరని తొట్లలో మురుగబెట్టి, వచ్చు గ్యాసును మోటారు బండ్లకు అమ్మెదమనియు, కౌలు సొమ్ము ఏటేట తప్పక రైతు ఖాతాలో పడుననియు చెప్పిరి. వారు తెచ్చిన ఒడంబడిక పత్రము ఇంగ్లీషున నున్నది; పుటలు ఇరువదికి పైన. సభ్యులలో కొందఱు ఆ సాయంకాలమే సంతకము పెట్టుటకు లేచిరి. కొందఱు కాగితమును ముట్టుటకే జంకిరి. ఈ రెండును తొందరపాటే యని నా యభిప్రాయము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు రానున్నది గనుక, అంతకు ముందే నాకు తెలిసిన సంగతులను సభ్యుల యెదుట నుంచుచున్నాను.

పొలమునుండి ఇంధనము తీయుట క్రొత్త సంగతి కాదు. మా తండ్రిగారు రెండవ ప్రపంచ యుద్ధకాలపు బొగ్గుబస్సులను గూర్చి తఱచు చెప్పుచుండెడివారు. పెట్రోలు దొరకని ఆ దినములలో బస్సు వెనుక నొక పెద్ద ఇనుప పీపాను బిగించి, అందు కట్టెబొగ్గు రాజవేసి, వచ్చు గ్యాసుతో ఇంజనును నడిపెడివారు. మెరక వచ్చినచోట జనము దిగి త్రోయవలసివచ్చెడిదట. యుద్ధము ముగిసి పెట్రోలు వచ్చినతోడనే ఆ పీపాలు పాత యినుప కొట్ల పాలైనవి. చక్కెర మడ్డినుండి దింపిన సారాయమును పెట్రోలులో కలుపుటకు 1948లోనే మన దేశమున చట్టము చేసిరి. ఆ చట్టమును 2000లో రద్దు చేసిరి. మరల మూడేండ్లకే, 2003 జనవరిలో, ఇథనాలు అను పేరుతో ఆ సారాయమునే పెట్రోలులో కలుపు పనిని తొమ్మిది రాష్ట్రములలో ఆరంభించిరి. అందు మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పెట్రోలు ప్రియమైననాడు ప్రభువులకు పొలము జ్ఞాపకము వచ్చును. చౌకయైననాడు మఱపు వచ్చును. ఈ సంగతిని సభ్యులు మనసున నుంచుకొని తక్కిన మాటలు చదువవలెనని కోరెదను.

ప్రభుత్వమువారి ఉద్దేశమును తప్పుపట్టుట నా తలంపు కాదు. మన దేశమునకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. ఆ డబ్బులో కొంతయైనను మన రైతు చేతికి రావలెనన్న మాట మంచి మాటయే. 2018లో జాతీయ జీవ ఇంధన విధానమును ప్రకటించి, 2022లో దానిని సవరించి, నూటికి 20 పాళ్ల ఇథనాలు కలుపు గడువును 2030 నుండి 2025-26కు ముందుకు జరిపిరి. 2014లో నూటికి ఒకటిన్నర పాలున్న కలుపు 2025 నాటికి 20 పాళ్లకు చేరినది. చెప్పిన గడువునకు లోపలనే జరిగిన ప్రభుత్వ కార్యములు అరుదు గనుక దీనిని మెచ్చుకొనవలసినదే. అయితే ఆ కలుపునుండి ఎవరికేమి దక్కినదో చూచుట మన పని.

మొదట నా సొంత అనుభవము చెప్పవలెను. 2003లో ప్రణాళికా సంఘమువారి కమిటీ ఒకటి, అడవి ఆముదపు గింజల నూనెను డీజిలులో నూటికి 20 పాళ్లు కలుపవచ్చుననియు, కోటి హెక్టార్లకు పైగా బీడున ఆ చెట్టు నాటవచ్చుననియు నివేదిక వ్రాసినది. ఆ గాలి మన మెట్టకును వచ్చినది. పశువు ముట్టదు, నీరక్కఱలేదు, ఎఱువక్కఱలేదు, మూడవ యేటనుండి గింజలే గింజలని ఒక సంస్థవారు వచ్చి చెప్పగా, 2006లో నేను రెండెకరముల కందిచేను తీసివేసి ఆ మొక్క నాటితిని. నీరులేకున్న అది చావదన్నది నిజము. నీరులేకున్న కాయదన్నది కూడ నిజమేనని ఎవరును చెప్పలేదు. నాలుగవ యేట రెండెకరములమీద రెండు బస్తాల గింజలు వచ్చినవి. కొనెదమన్న సంస్థ బోర్డు అప్పటికే ఊడిపోయినది. ఆ గింజలు విషము; గొఱ్ఱెకైనను పెట్టరాదు. చెట్లు పీకించుటకైన కూలి నాటుటకైన దానికంటె ఎక్కువైనది. 2009 నాటి విధానమున 2017 నాటికి డీజిలులోను 20 పాళ్లు అని వ్రాసికొనిరి. నేటికిని డీజిలులో అట్టి నూనె నూటికి ఒక పాలైనను లేదు. 2018 విధానమున ఆ 20ని 5 చేసి, గడువును 2030కు జరిపిరి. అంకెను దిద్దినంత సులభముగా నా రెండెకరములను దిద్దుకొనలేకపోతిని.

అదే కాలమున మఱియొకచోట వేఱు విధముగ జరిగినది. నాటి ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలమున పవర్‌గూడ అను చిన్న గిరిజన గ్రామము కలదు. అక్కడి స్త్రీలు పొదుపు సంఘముగా నేర్పడి, అడవిలో తరతరములుగా నున్న కానుగ చెట్ల గింజలు ఏఱి, తమ యూరిలోనే గానుగ యంత్రము పెట్టుకొని నూనె తీసిరి. 2003లో ప్రపంచ బ్యాంకు, ఆ నూనె వలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకై ఆ స్త్రీల సంఘమునకు 645 డాలర్లు చెల్లించినది. డబ్బు పెద్దది కాదు. నేను చూపదలచినది వేఱు. వారు ఉన్న చెట్టును వాడుకొనిరి, యంత్రము తమది చేసికొనిరి, పిప్పిని తమ చేలకే ఎఱువుగా వేసికొనగల స్థితిలో నుండిరి. బేరము చెడినను వారి భూమి వారికడనే యున్నది. నేను కందిచేను పోగొట్టుకొని పరుల బేరమును నమ్ముకొంటిని.

ఇక ఇథనాలు సంగతి. మొక్కజొన్న వేయు సభ్యులు ఈ లెక్కను తామే వేసికొనవచ్చును. ఒక క్వింటాలు మొక్కజొన్ననుండి సుమారు 38 లీటర్ల ఇథనాలు వచ్చును. 2024-25లో నూనె కంపెనీలు లీటరునకు 71 రూపాయల 86 పైసలు ధర యిచ్చినవి. అనగా క్వింటాలు గింజకు సుమారు 2,730 రూపాయల ఇథనాలు. ఆ యేటి మద్దతు ధర 2,225 రూపాయలు. తక్కిన 500 రూపాయలలో బొగ్గు, కరెంటు, కూలి, అప్పుపై వడ్డీ అన్నియు తీరవలెను. కావున ఫ్యాక్టరీ లాభము ఇథనాలుకంటె, దింపిన తరువాత మిగులు పిప్పియందే యున్నదని చెప్పవలెను. క్వింటాలునకు ముప్పది కిలోల చొప్పున మిగులు ఆ పిప్పి కోళ్ల దాణాకును, పశువుల దాణాకును పోవును. దాణా బజారున అది సోయా చెక్కతో పోటీపడగా చెక్క ధర తగ్గినది; చెక్క తగ్గగా సోయా గింజల ధర తగ్గినది. మొక్కజొన్న రైతు నవ్విన యేట సోయా రైతు ఏడ్చెను.

ఆ నవ్వైనను నిలువలేదు. ఇథనాలు కొఱకు మొక్కజొన్నకు గిరాకి పెరిగి, ఎగుమతి చేయు దేశము 2024లో దిగుమతి చేసికొనవలసివచ్చినది. కోళ్ల ఫారమువారు గగ్గోలు పెట్టిరి. రైతులు ఆ ధర చూచి మరుసటి యేట మఱింత విస్తారముగ వేసిరి. ఈలోపల ఫ్యాక్టరీలును పెరిగిపోయినవి. 2025-26 సంవత్సరమునకు నూనె కంపెనీలు సుమారు 1,050 కోట్ల లీటర్లు కావలెనని పిలువగా, ఫ్యాక్టరీలు 1,776 కోట్ల లీటర్లు ఇచ్చెదమని ముందుకు వచ్చినవి. కొనువాడు తక్కువై అమ్మువాడెక్కువైనపుడు ఆ బరువు చివర నెవరిమీద పడునో చెప్పనక్కఱలేదు. 2025 నవంబరునాటికి మన పొరుగున హావేరి, గదగ జిల్లాలలో మొక్కజొన్న రైతులు, 2,400 రూపాయల మద్దతు ధరకు ఎంతో దిగువన అమ్ముకొనలేక వీధికెక్కిరి.

బియ్యము కథ ఇంకను విచిత్రము. 2023 జులైలో ఆహార సంస్థ గిడ్డంగులనుండి ఇథనాలు ఫ్యాక్టరీలకు బియ్యము ఇచ్చుట ఆపిరి. ఆ డిసెంబరులో చెఱకు రసమునుండి ఇథనాలు తీయరాదని ఆజ్ఞ చేసి, పిమ్మట సడలించి, 2024 ఆగస్టులో తీసివేసిరి. బియ్యమును మరల ఇచ్చుటకు ఆరంభించి, 2025 జనవరిలో క్వింటాలు 2,250 రూపాయలుగా ధర నిర్ణయించిరి. ఆ యేటి సాధారణ రకపు ధాన్యము మద్దతు ధర 2,300 రూపాయలు. అనగా రైతునుండి కొన్న వడ్లకంటె, ఆ వడ్లను ఆడించి, మోయించి, గిడ్డంగిలో దాచి ఇచ్చు బియ్యము చౌక! తేడా సొమ్ము ఖజానా భరించును, ఖజానాకు మనమే భరింతుము. లీటరు ఇథనాలునకు రెండు కిలోలకు పైగా బియ్యము పట్టును. కిలో బియ్యము పండుటకు మూడువేల లీటర్ల నీరు పట్టునని లెక్కవేసినను, లీటరు ఇథనాలు వెనుక ఆఱువేల లీటర్ల నీరున్నది. బోరు అడుగంటిన ఊళ్లలో నున్నవారము, ఈ మాట మనకు విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఫ్యాక్టరీ దాపున నున్న గ్రామముల మాట కూడ వినవలెను. తెలంగాణమున నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లోను, నిర్మలు జిల్లా దిలావర్‌పూరులో 2024 నవంబరులోను రైతులు ఇథనాలు ఫ్యాక్టరీలు తమకు వద్దని రోడ్డెక్కిరి. దిలావర్‌పూరులో పనులు నిలుపుమని కలెక్టరుగారు ఆజ్ఞ చేయవలసివచ్చినది. మురుగునీరు, దుర్వాసన, భూగర్భజలము అనునవి వారి భయములు. రైతు మేలుకొఱకని చెప్పిన ఫ్యాక్టరీని రైతే అడ్డుకొన్నాడన్న, మొదటనే ఆ రైతును పిలిచి అడుగలేదని అర్థము.

ఇంతవఱకు వ్రాసినది చదివి, ఈతడు దీనికంతకును విరోధి యనుకొందురేమో. కాను. తిండిగింజను కాల్చుట వేఱు. గింజ తీసిన తరువాత మిగిలినదానిని వాడుకొనుట వేఱు. ఈ రెండవదానియందు నాకు నమ్మకము కలదు. మన ఇండ్లలో పెద్దలు వాడినది అదియే గదా. అయితే అందును ‘మిగులు’ అన్న మాటను జాగ్రత్తగా చూడవలెను. ఊక ఒకప్పుడు మిల్లు వెనుక గుట్టలుగా పడియుండెడిది. ఊకతోను సర్కారు తుమ్మ కట్టెతోను కరెంటు తీయు ప్లాంట్లు మన రాష్ట్రమున వెలసిన పిదప, ఇటుక బట్టీవాడును మిల్లువాడును ప్లాంటువాడును దానికొఱకే పోటీపడిరి. ధర పెరిగి కొన్ని ప్లాంట్లు మూతపడినవి. వరిగడ్డియు అంతే. డెల్టాలో మిషనుకోత తరువాత పొలముననే తగులబెట్టు గడ్డి, మన మెట్టలో వేసవిని లారీకి ఇంతయని కొని పశువులను బ్రతికించుకొను గడ్డి ఒకటే. పైగా టన్ను వరిగడ్డిలో 5 మొదలు 8 కిలోల నత్రజని, 12 మొదలు 17 కిలోల పొటాషు ఉన్నవి. గడ్డిని ఊరు దాటించినవారు దానితోపాటు పొటాషును కూడ దాటించుచున్నారు. ఆ బస్తాను మరల మన సొసైటీ గిడ్డంగిలోనే డబ్బిచ్చి కొనవలెను.

కావున నా సలహా ఇది: ఏ ఇంధనమునకు కొనువాడు మన ఊరిలోనే యున్నాడో, దానితో మొదలుపెట్టుదము. ఢిల్లీలో ఆజ్ఞ మాఱినను మన పొయ్యి మాఱదు.

మొదటిది గోబరు గ్యాసు. ఈ పేరు వినగానే కొందఱు నవ్వుదురని యెఱుగుదును. 1980ల తరువాత ప్రభుత్వపు సబ్సిడీతో దేశమంతట దాదాపు 50 లక్షలు కట్టిరి. మన ఊరిలో కట్టినవానిలో సగము నేడు చెత్తగుంటలు. తప్పు తొట్టిది కాదు. పశువులు తగ్గినవి, సిలిండరు ఇంటికి వచ్చినది, గొట్టము పగిలిననాడు బాగుచేయువాడు రాలేదు. నాలుగైదు పశువులున్న ఇంట దినమునకు 50 కిలోల పేడ వచ్చును. దానితో రెండు ఘనపు మీటర్ల గ్యాసు వచ్చును. నలుగురైదుగురున్న సంసారమునకు రెండుపూటల వంటకు చాలును. సిలిండరు గ్యాసు లెక్కలో అది దినమునకు ముప్పాతిక కిలోకు పైమాట. ఇదంతయు వచ్చిన పిదపను పేడలోని ఎఱువు బలము ఎక్కడికిని పోదు. బురదగా మన చేతనే యుండును. పిడకగా కాల్చిన ఆ బలము పొగయై పోవును.

ఒంటరిగ చెడిన ఈ పనిని గుజరాతులో స్త్రీల సంఘములు కలసి చేసి చూపుచున్నవి. ఆణందు జిల్లా జకారియాపురాలో పాల సంఘపు సభ్యురాండ్ర ఇంటింట చిన్న గ్యాసు తొట్లు పెట్టిరి. ఇంటికి కావలసిన గ్యాసు వాడుకొని, తమ చేలకు పోగా మిగిలిన బురదను సహకార సంఘమునకు అమ్ముదురు. దాని సారమును పరీక్షించి పాలకు కట్టినట్లే ధర కట్టుదురు. తొట్టి చెడిన సంఘమునకు బురద రాదు గనుక, బాగుచేయించుట సంఘమునకే అవసరమైనది. మన ఊరి గుంటలకు లేని యజమాని అక్కడ నున్నాడు. బనాసు పాల సంఘమువారు డీసా వద్ద దామా గ్రామమున దినమునకు 40 టన్నుల పేడతో పెద్ద ప్లాంటే నడపుచు, రైతునుండి కిలో రూపాయికి పేడ కొనుచున్నారు. ఈ రెంటిలోను బండి, లెక్క, ధర సంఘమువి.

రెండవది మన పొగాకు బ్యారన్లు. నేను బ్యారను వేసిన కాలమున కిలో ఆకు ఆరుటకు నాలుగు కిలోలకు పైగా కట్టె పట్టుచుండెను. సరుగుడు లారీలకు మనమిచ్చు డబ్బు ఏటేట పెరుగుచునే యున్నది. మఱియొక వంక కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె చేని గట్టున తగులబెట్టుచున్నాము. ఈ కట్టెను పొడిచేసి నొక్కి దిమ్మలు చేయు యంత్రము నొకదానిని సంఘము తెప్పించి, కట్టె తెచ్చిన సభ్యునకు తూకము చొప్పున ధరకట్టి, దిమ్మలను బ్యారను సభ్యులకు అమ్మినచో, అమ్ముడు ఎట్లన్న బెంగ లేదు. మిగిలినచో బొగ్గు కరెంటు కేంద్రములకు అమ్మవచ్చును. బొగ్గుతోపాటు నూటికి 5 పాళ్లకు తగ్గకుండ ఇట్టి ఇంధనమును కాల్చవలెనని 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. అయితే ఆ అమ్మకము పైబడినదిగనే యుండవలెను గాని, దానిని నమ్మి యంత్రము కొనరాదు. కట్టెల ఆకు చేనిలోనే రాలిపోవునట్లు ఎండనిచ్చి తేవలెనని కూడ నియమము పెట్టుకొనవలెను.

ఇక మొదట చెప్పిన గడ్డి కౌలు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వము ఒక పెద్ద కంపెనీతో 500 గ్యాసు కర్మాగారములకు ఒడంబడిక చేసికొనినది. మొదటిదానికి 2025 ఏప్రిలు 2న కనిగిరి ప్రాంతమున దివాకరపల్లి వద్ద శంకుస్థాపన జరిగినది. మన కార్యాలయమునకు వచ్చినవారు వారు కారు. ఆ వార్త విని బయలుదేరిన చిన్నవారు. 2018లో కేంద్రమువారు ఇట్టివి దేశమంతట 2023 నాటికి 5,000 వెలయునని చెప్పిరి; గడువునాటికి నూఱు నిండలేదు. ఈ సంగతి తెలిసి సంతకము పెట్టుట వేఱు, తెలియక పెట్టుట వేఱు.

ఒడంబడిక తెలుగున కావలెను. కౌలు ఎన్నేండ్లు, మధ్యలో కంపెనీ మానినచో భూమిని చదును చేసి యిచ్చువాడెవడు, ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కును, ఆ భూమిపై మన సంఘపు అప్పు పుట్టునా పుట్టదా అన్నవి స్పష్టముగ వ్రాయింపవలెను. నేపియరు నీటిని ఆశించు గడ్డి. కోతకోతకు నత్రజని అడుగును. బీడున వానచుక్కతో పెరుగునన్న మాట నాకు అడవి ఆముదపు మాటవలెనే తోచుచున్నది. వారు బోర్లు వేయదలచిరా? వేసినచో ఎంత లోతున, ప్రక్క చేని బోరునకు హామీ ఏమి? గ్యాసు తీసిన తరువాతి ఎఱువు ఎవరిది? ఆ ఎఱువు అమ్మకమునకు టన్నునకు 1,500 రూపాయల సహాయమును కేంద్రము 2023లో ప్రకటించినది. దానిని రైతునకే తిరిగి ఇచ్చు షరతు ఈ ఇరువది పుటలలో నాకు కనబడలేదు. ఒక్కొక్క రైతు విడివిడిగా సంతకము చేసిన ఈ ప్రశ్నలకు జవాబు రాదు. సంఘము పేర అడిగిన రావచ్చును.

సంఘమే చేసిన చెడదా యని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్న. 1933లో ఏటికొప్పాక రైతులు కలసి చక్కెర ఫ్యాక్టరీ పెట్టి దేశమునకు దారి చూపిరి. నేడు ఉత్తరాంధ్రపు సహకార చక్కెర ఫ్యాక్టరీలలో పెక్కు మూతపడి, చెఱకు రైతుల బకాయిలు ఏండ్లతరబడి నిలిచినవి. పాత యంత్రములు, పాలకవర్గపు రాజకీయములు, మడ్డినుండి సారాయము తీయుట వంటి రెండవ ఆదాయము లేకపోవుట, అన్నియు కారణములే. అందుచేతనే పెద్ద ఫ్యాక్టరీ మాట నేనెత్తలేదు. ఒక దిమ్మల యంత్రము, ఇరువది గ్యాసు తొట్లు, ఒక బాగుచేయువాని జీతము: ఇంతతో రెండేండ్లు నడిపి చూతము. లెక్కలు ఈ పత్రికలోనే ఆఱు నెలలకొకమాఱు ప్రకటింపవలెను, నష్టము వచ్చినను ప్రకటింపవలెను.

సమావేశమునకు వచ్చు సభ్యులు తమ ఇంటి పశువుల సంఖ్య, బ్యారను ఉన్నచో క్రిందటేడు కొన్న కట్టె తూకము, ఎకరమునకు తీయు కందికట్టె, పత్తికట్టె అంచనా ఒక చీటిపై వ్రాసి తేగలరు. కంపెనీ కాగితమును ఇదివఱకే ఇంటికి తీసికొనిపోయినవారు దానిని సంతకము లేకుండ కార్యదర్శిగారికి చూపింపుడు. తెలుగు ప్రతిని ఆయన సిద్ధము చేయించుచున్నారు.